పెంటయ్య, పద్మ, షారోను: మన పిల్లల పేర్లలో సృష్టికర్త జాడ

(రేడియో ప్రసంగమునకు అక్షర రూపం)

ధ్యానభాగము: యోబు 42:12–15

గద్వాల నుండి, వనపర్తి నుండి, నాగర్‌కర్నూలు నుండి, ఆ చుట్టుపట్ల పల్లెలనుండి ఈ మాటలు వినుచున్న ప్రతి కుటుంబమునకు దేవుడు తన సమాధానము దయచేయునుగాక.

ఈ దినము మనము పేర్లను గురించి ఆలోచన చేద్దాం. మన ఇండ్లలో బిడ్డ పుట్టగానే మొదట వచ్చే మాట "ఏం పేరు పెడతారు?" అనేదే. ఇరవై ఒకటో రోజున తొట్టెల వేస్తారు. పాస్టరుగారిని పిలుస్తారు, ప్రార్థన చేయిస్తారు, పేరు ప్రకటిస్తారు. ఒకప్పుడు ఆ పేరు దావీదు, దానియేలు, మరియమ్మ, ఎస్తేరు, రూతు అని ఉండేది. తర్వాత కృపారావు, దయాకర్, కరుణ, శాంతమ్మ వచ్చాయి. ఇప్పుడు షారోను, రోజా, లిల్లీ, ఒలీవ, హెర్మోను, తార, కిరణ్, వర్ష, మేఘన అని పెడుతున్నారు. పూలు, కొండలు, చుక్కలు, మబ్బులు, వాన. కొందరు పెద్దలు ఇది విని నొచ్చుకుంటారు. "బైబిలులో భక్తుల పేర్లు ఇన్ని ఉండగా పూల పేర్లు, వానల పేర్లు మనకెందుకు? ఇవి లోకస్థుల పేర్లు కావా?" అని అడుగుతారు. ఇది అడగదగిన ప్రశ్నే. దీనికి జవాబు లేఖనములలోను, సంఘ చరిత్రలోను, మన పాలమూరు నేల చరిత్రలోను వెదకుదాం.

లేఖనములలో చెట్లు, పక్షులు, పూలు

మొదటి మనుష్యుని పేరే నేలనుండి వచ్చింది. హెబ్రీ భాషలో నేలను "అదామా" అంటారు. ఆ నేల మంటినుండి తీయబడినవాడు ఆదాము. అంటే మానవజాతి మొట్టమొదటి పేరు మట్టి పేరే. మన పేరులో మట్టి ఉన్నదని చెప్పుకొనుటకు మనము సిగ్గుపడనక్కరలేదు.

ఆ తర్వాత చూడండి. రాహేలు అంటే గొఱ్ఱె. సిప్పోరా అంటే పిట్ట. దెబోరా అంటే తేనెటీగ. బారాకు అంటే మెరుపు. యోనా అంటే పావురము. హుల్దా ప్రవక్త్రి పేరు ఒక చిన్న అడవి జంతువు పేరు. సూసన్న అంటే లిల్లీ పువ్వు. లూకా 8:3లో ప్రభువునకు తన ఆస్తితో ఉపచారము చేసిన స్త్రీలలో ఆమె ఉన్నది. తబితా అనగా లేడి. ఆ మాటనే గ్రీకులో దొర్కా అన్నారు. పేతురు ఇంటి తలుపు తట్టినప్పుడు సంతోషముచేత తలుపు తీయడం మరచి లోపలికి పరుగెత్తిన చిన్నది రొదే; ఆమె పేరునకు అర్థము గులాబి (అపొ. కార్యములు 12:13). కనుక ఇంట్లో "రోజా" అని పిలుచుకుంటున్న బిడ్డ పేరు అపొస్తలుల కార్యములలో ముందే ఉన్నది.

తామారు అంటే ఖర్జూర వృక్షము. మన వైపు చేల గట్లమీద, వాగుల ఒడ్డున కనబడే ఈతచెట్టు ఖర్జూరమునకు దగ్గరి చుట్టము, ఒకే జాతి. ఆ చెట్టును నరికి, గీసి, ఎండబెట్టినా తట్టుకొని నిలుస్తుంది. బైబిలులోని తామారులు కూడ గాయపడినవారే. ఆదికాండము 38లోని తామారు అన్యాయమునకు గురియైన విధవరాలు. రెండవ సమూయేలు 13లోని తామారు సవతి అన్నచేత చెరపబడిన రాకుమారి. ఆమె తోడబుట్టిన అబ్షాలోము తనకు కుమార్తె పుట్టినప్పుడు ఆ పసిబిడ్డకు తామారు అనే పేరు పెట్టాడు (2 సమూయేలు 14:27). ఇంటిలో ఎవరూ ఎత్తకూడని పేరుగా మారిపోయిన దానిని మరల బిడ్డ పేరుగా ఇంటికి తెచ్చాడు. మొదటి తామారు పేరైతే ప్రభువు వంశావళిలోనే వ్రాయబడింది (మత్తయి 1:3).

ఎస్తేరు రాణికి పుట్టింటి పేరు హదస్సా (ఎస్తేరు 2:7). హదస్సా అంటే మన తెలుగు బైబిలు గొంజిచెట్టు అని చెప్పే చెట్టు. చెరలోనికి పోయిన యూదుల ఇంట పుట్టి, తల్లిదండ్రులు లేక పెరిగిన ఆడబిడ్డకు ఆ పేరు. యెషయా 55:13 చదవండి. ముండ్లపొద ఉన్నచోట గొంజిచెట్టు ఎదుగుతుందని దేవుడు అక్కడ వాగ్దానము చేశాడు. పరదేశములో అనాథగా పెరిగిన ఆ బిడ్డ జీవితములో ఆ మాట ఎంతగా నెరవేరిందో మనకు తెలుసు.

అయితే ఒక సంగతి గమనించండి. ప్రకృతి పేరు ఉన్నంత మాత్రాన మనిషి భక్తుడు కాడు. న్యాయాధిపతులు 7:25లో మిద్యాను అధిపతులు ఇద్దరున్నారు, ఓరేబు, జెయేబు. ఒకని పేరు కాకి, మరొకని పేరు తోడేలు. అదే పుస్తకములో తేనెటీగ అనే దెబోరా ఇశ్రాయేలును విడిపించింది. పేరు ఒక పాత్ర. అందులో ఏమి పోస్తామన్నదే ముఖ్యము.

తొలి సంఘము పేర్లు మార్చిందా?

"క్రైస్తవులైనప్పుడు పాత పేరు తీసివేయాలి గదా" అని కొందరు అంటారు. రోమీయులకు వ్రాసిన పత్రిక 16వ అధ్యాయము చూడండి. అక్కడ ఫీబే ఉన్నది. ఆ పేరు గ్రీకుల చంద్ర దేవతకు పెట్టిన బిరుదు, అర్థము ప్రకాశము. అక్కడ హెర్మే ఉన్నాడు. అది వారి దేవుళ్లలో ఒకని పేరే. నేరియ ఉన్నాడు; అది సముద్ర దేవుని పేరు. ఫిలిప్పీయుల పత్రికలో ఎపఫ్రొదితు ఉన్నాడు. ఆయన పేరులో అఫ్రొదితే దేవత ఉన్నది. తీతు పత్రికలో అర్తెమా ఉన్నాడు. పౌలు వీరిలో ఎవరినీ "పేరు మార్చుకో" అని అడిగినట్లు లేదు. ఫీబేను సంఘ పరిచారకురాలు అని, ఎపఫ్రొదితును సహోదరుడని, జతపనివాడని పిలిచాడు. అదే పేరుతో వారు పరలోకములో ఎరుగబడినవారైయున్నారు.

మరి భక్తుల పేర్లు పెట్టే అలవాటు ఎప్పుడు వచ్చింది? మూడవ శతాబ్దములో అలెగ్జాండ్రియ సంఘాధ్యక్షుడైన దియొనూసి, విశ్వాసులు తమ పిల్లలకు పౌలు, పేతురు అని పేర్లు పెట్టుచున్నారని వ్రాశాడు. నాలుగవ శతాబ్దము ఆరంభములో జరిగిన శ్రమల కాలమున ఐగుప్తునుండి వచ్చిన కొందరు విశ్వాసులను పాలస్తీనాలో పట్టుకొని పేర్లు అడిగినప్పుడు వారు తమ ఇండ్లలో పెట్టిన విగ్రహాల పేర్లను చెప్పక ఏలీయా, యిర్మీయా, యెషయా, సమూయేలు, దానియేలు అని చెప్పారని చరిత్రకారుడైన యూసేబియ నమోదు చేశాడు. ఆ పేర్లు చెప్పి వారు ప్రాణములు ఇచ్చారు. అదే శతాబ్దములో యోహాను క్రిసొస్తొము తాతముత్తాతల పేర్లు అని పట్టుకొనక, నీతిమంతుల పేర్లు పిల్లలకు పెట్టండని బోధించాడు.

కాబట్టి సంఘ చరిత్రలో రెండు దారులూ ఉన్నవి. పాత పేరును ఉంచుకొని దానిని పరిశుద్ధపరచినవారు ఉన్నారు, క్రొత్త పేరుతో సాక్ష్యమిచ్చినవారు ఉన్నారు. ఇద్దరూ దేవుని బిడ్డలే.

మన పాలమూరు నేలకు సువార్త వచ్చిన దినములు

ఇప్పుడు మన ప్రాంతమునకు వద్దాం. తెలుగు బాప్టిస్టు సంఘ చరిత్రలో మొదటి వరుసలో నిలిచే యెర్రగుంట్ల పేరయ్య 1866లో బాప్తిస్మము పొందాడు. ఒంగోలు ప్రాంతములో వందలమందిని ప్రభువునొద్దకు నడిపించిన ఆయన, చివరివరకు పేరయ్యగానే ఉన్నాడు. ఆ బాప్టిస్టు మిషను నైజాము రాజ్యములోనికి వ్యాపించి, 1880లలో పాలమూరుకు, అంటే నేటి మహబూబ్‌నగర్‌కు చేరింది. మరొక వైపు 1889లో రష్యా దేశమునుండి మెన్నొనైట్ బ్రదరెన్ మిషనరీలైన అబ్రాహాము ఫ్రీసెన్ దంపతులు ఇండియాకు వచ్చి, తర్వాత నల్లగొండలో సేవ చేశారు. 1899లో అమెరికా మెన్నొనైట్ బ్రదరెన్ సంఘము ఎన్. ఎన్. హీబర్ట్ దంపతులను పంపింది. ఆ తర్వాతి సంవత్సరములలో నాగర్‌కర్నూలులోను, వనపర్తిలోను మిషను కేంద్రములు వెలిశాయి. బాప్టిస్టు మిషను నడుపుచున్న మహబూబ్‌నగర్, గద్వాల క్షేత్రములు 1937లో మెన్నొనైట్ బ్రదరెన్ సంఘము చేతికి వచ్చాయి.

ఆ కాలమున ఈ నేల ఎట్లున్నది? గద్వాల, వనపర్తి సంస్థానములు. వాటి పైన నైజాము ప్రభువు. 1948 వరకు ఈ ఏర్పాటు సాగింది. సువార్తను మొదట అందుకొన్నవారిలో అత్యధికులు మాల మాదిగ పల్లెల బీదలు. వెట్టిచాకిరి, కరువు, అంటరానితనము వారి దినచర్య. కృష్ణా తుంగభద్రల మధ్య నడిగడ్డలో నివసించి కూడ చేనికి నీళ్లు లేనివారు. ఆ తరము పేర్లు చూస్తే ఆ తరము కన్నీళ్లు కనబడతాయి.

పెంటయ్య అనే పేరు వెనుక

పెంటయ్య, పెంటమ్మ. పుల్లయ్య, పుల్లమ్మ. ఈ పేర్లు తెలంగాణ పల్లెల్లో ఎన్ని ఇండ్లలో ఉన్నాయో మనకు తెలుసు. ఈనాటి పిల్లలు ఈ పేర్లు విని నవ్వుతారు. నవ్వకముందు వినండి.

ఆ దినములలో పుట్టిన బిడ్డలు వరుసగా చనిపోతుండేవారు. అమ్మవారు పోసి ఒకరు, విరేచనాలతో ఒకరు, కారణము తెలియని జ్వరముతో ఇంకొకరు. ఒక తల్లి ముగ్గురినో నలుగురినో మట్టిలో పెట్టిన తర్వాత మరల బిడ్డ పుడితే ఏమి చేసేది? ఆ బిడ్డను తీసికొనిపోయి పెంటకుప్పమీద పడుకోబెట్టేవారు. "ఈ బిడ్డ మాకు విలువైనది కాదు, పారవేసిన చెత్త" అని మృత్యువునకు నమ్మబలికేవారు. తర్వాత ఎత్తుకొని తెచ్చి పెంటయ్య అని పేరు పెట్టేవారు. కొందరు తిని పారవేసిన ఎంగిలి విస్తళ్లలో, అంటే పుల్లాకులలో, బిడ్డను పొర్లించి పుల్లయ్య అని పిలిచేవారు. కోస్తా జిల్లాలలో తవుడు ఇచ్చి బిడ్డను "కొని" తవిటయ్య, తవిటమ్మ అనేవారు. ఇవి కూడ నేలనుండి, ఆకునుండి, గింజ పొట్టునుండి వచ్చిన పేర్లే. చావు కన్ను పడకూడదని ఒక తల్లి తన బిడ్డ అందమును దాచుకొన్న ముసుగులు అవి.

ఇందులో మూఢనమ్మకము ఉన్నమాట నిజమే. అయితే అందులో ఉన్న ప్రేమను మనము చూడకపోతే మనకు కన్నులు లేనట్లే. ఆ పేరులో ఇంకొక బాధ కూడ ఉన్నది. ఇంట్లో తల్లి ముద్దుగా "పెంటయ్యా" అని పిలిచినా ఊరి పెద్ద నోట ఆ "అయ్య" పలికేది కాదు. పేరును సగానికి విరిచి "ఒరే పెంటిగా" అనేవారు. మృత్యువునుండి దాచుటకు పెట్టిన పేరు, మనిషి చేతిలో అవమానించే ఆయుధమైంది.

అటువంటి పల్లెలోనికి సువార్త వచ్చింది. హన్నా ప్రార్థన చదివి వినిపించారు (1 సమూయేలు 2:8). నూట పదమూడవ కీర్తన చదివి వినిపించారు. బీదవానిని పెంటకుప్పమీదనుండి లేవనెత్తి అధిపతుల ప్రక్కన కూర్చుండబెట్టే దేవుడు ఉన్నాడని ఆ వాక్యము చెప్పుచున్నది. మన తెలుగు బైబిలులో ఆ మాట "పెంటకుప్ప" అనే ఉన్నది. పెంటయ్య అనే పేరుగలవాడు ఆ కూటములో కూర్చుండి ఆ వచనము మొదటిసారి విన్నప్పుడు అతనికి ఎట్లుండునో ఆలోచించండి. తనను పడుకోబెట్టిన ఆ కుప్ప పేరు దేవుని గ్రంథములో ఉన్నది! పైగా అక్కడనుండి లేవనెత్తువాడు ఒకడున్నాడు! ఆ వచనము అతని పేరునకు అర్థము చెప్పింది.

సువార్తతో పాటు వైద్యమూ వచ్చింది. మెన్నొనైట్ బ్రదరెన్ మిషనులో మొదటి వైద్యురాలైన డాక్టర్ కాతరీనా షెల్లెన్‌బర్గ్ 1907లో ఇండియాకు వచ్చి, నాగర్‌కర్నూలు మొదలైన కేంద్రములలో సేవచేసి, 1945లో ఈ దేశములోనే ప్రభువునందు నిద్రించింది. తర్వాతి కాలములో జడ్చర్ల మిషను ఆసుపత్రి ఎన్నో కుటుంబములకు ఆశ్రయమైంది. ప్రభుత్వ టీకాలు వచ్చాయి. బిడ్డలు బ్రతకసాగారు. బిడ్డ బ్రతుకుతుందన్న ధైర్యము వచ్చినప్పుడు పేరును దాచవలసిన పని లేకపోయింది. పెంటయ్య మనవరాలికి షారోను అని పేరు పెట్టగలిగారు. ప్రియ శ్రోతలారా, పెంటయ్య నుండి షారోను వరకు నడిచిన దూరము ఫ్యాషను కాదు. అది భయమునుండి నిరీక్షణకు నడిచిన దూరము.

యోబు తన కుమార్తెలకు పెట్టిన పేర్లు

ఇక్కడే మన ధ్యానభాగము మనతో మాట్లాడుచున్నది. యోబు కూడ బిడ్డలను పోగొట్టుకొన్న తండ్రి. ఒక్క దినమున పదిమందిని పోగొట్టుకొన్నాడు. దేవుడు మరల బిడ్డలను ఇచ్చినప్పుడు అతడు ఏమి చేశాడు? "ఈ బిడ్డలనైనా మృత్యువు చూడకుండునుగాక" అని వికారమైన పేర్లు పెట్టలేదు. పెద్దదానికి యెమీమా, అంటే గువ్వ అని పండితులు చెప్పుదురు. రెండవదానికి కెజీయా, అంటే సువాసనగల లవంగిపట్ట. మూడవదానికి కెరెంహప్పుకు, అంటే కాటుక ఉంచే కొమ్ము, మన మాటలో కాటుక భరిణె. పక్షి, చెట్టు, కంటి కాటుక! బూడిదలో కూర్చుండి చిల్లపెంకుతో గోకుకొనిన మనుష్యుడు పెట్టిన పేర్లు ఇవి.

ఇంకా గమనించండి. మొదటి అధ్యాయములో యోబు పిల్లల పేర్లు చెప్పబడలేదు. నలువది రెండవ అధ్యాయములో ఏడుగురు కుమారుల పేర్లు కూడ లేవు. కుమార్తెల పేర్లు మాత్రమే వ్రాయబడినవి. అంతేకాదు, వారి అన్నదమ్ములతోపాటు వారికి స్వాస్థ్యము ఇచ్చాడని 15వ వచనము చెప్పుచున్నది. అందమైన పేరు పెట్టి ఊరకుండలేదు, వాటా కూడ ఇచ్చాడు. ఆడపిల్లకు "పుష్ప" అని పేరు పెట్టి, పదవ తరగతి కాకముందే పెండ్లి చేసి పంపే తండ్రులు ఈ వచనము దగ్గర కొంచెము ఆగాలి. పువ్వు అని పిలిచితే నీళ్లు పోయాలి గదా!

మన తెలుగు బైబిలులోని పద్మము

పరమగీతము రెండవ అధ్యాయము తెరవండి. షారోను మైదానపు పువ్వు అక్కడ ఉన్నది. దాని ప్రక్కనే లోయలో పుట్టే పువ్వు ఉన్నది. ఇంగ్లీషు బైబిలులో దానిని లిల్లీ అన్నారు. మన తెలుగు అనువాదకులు ఏమన్నారు? పద్మము అన్నారు. లిల్లీని ఎన్నడూ చూడని తెలుగువానికి తన ఊరి చెరువులో పూచే పువ్వును చూపించారు. అట్లే లూకా 1:78లో జెకర్యా ప్రవచనమునకు అరుణోదయము అనే చక్కని మాట వాడారు. ప్రకటన 22:16లో ప్రభువు తన్నుతాను వేకువ చుక్క అని చెప్పుకొన్నాడు. జెకర్యా 6:12లో రాబోవువానికి చిగురు అనే పేరు ఉన్నది.

కాబట్టి పద్మ, అరుణ, ఉదయ్, తార, కిరణ్ అని పేరున్న విశ్వాసి తన పేరు చూచి "ఇది అన్యుల పేరు" అని కుమిలిపోనక్కరలేదు. లిల్లీ అంటే క్రైస్తవ పేరు, పద్మ అంటే కాదు అనుట భాషను బట్టి చేసిన భేదమే గాని వాక్యమును బట్టి కాదు. పువ్వును చేసినవాడు ఒక్కడే. అది షారోనులో పూచినా, చెరువులో పూచినా, చేను గట్టుమీద తంగేడై పూచినా ఆయనదే.

వాన పేర్లు కూడ అట్లే. వర్ష, వర్షిత, మేఘన అనే పేర్లు పట్నములో ముద్దుపేర్లు కావచ్చును. పాలమూరులో మాత్రము అది ప్రార్థన. తొలకరి తప్పితే మూట కట్టుకొని దేశమంతట ప్రాజెక్టుల దగ్గర మట్టిపనికి వెళ్లిన జిల్లా ఇది. పాలమూరు కూలీ మోయని మట్టి ఏ ఆనకట్టకు ఉన్నది? యోవేలు 2:23లో తొలకరి వర్షము, కడవరి వర్షము దేవుని కృపకు గురుతులుగా ఉన్నవి. అయితే 2009 అక్టోబరులో కృష్ణా తుంగభద్రలు పొంగి గద్వాల, అలంపురము వైపు ఊళ్లను ముంచినప్పుడు వాన భయమునూ చూశాము. సృష్టి మనకు దీవెన కావచ్చును, దెబ్బ కావచ్చును. అందుకే మనము వానను మ్రొక్కము, వానను ఇచ్చువానికి మ్రొక్కుదము. పేరు పెట్టునప్పుడు ఈ తేడా బిడ్డకు చెప్పవలెను.

దెబోరా అనే పేరును గురించి ఒక్క మాట. నల్లమల అడవిలో చెంచు సహోదరులు కొండ చరియలకు వ్రేలాడి తేనె తీస్తారు. ఆ తేనెపట్టు చూచినవారికి దెబోరా అర్థము వేరే చెప్పనక్కరలేదు. తేనెటీగ ఒంటరిగా బ్రతకదు, తనకొరకే కూర్చుకొనదు, అవసరమైతే కుట్టుతుంది. ఇశ్రాయేలులో తల్లిగా లేచిన ఆ స్త్రీకి ఇంతకన్న తగిన పేరు ఏమున్నది?

బడి పేరు, గుడి పేరు

ఇప్పుడు కొంచెము కష్టమైన సంగతి. మన సంఘములలో చాలమందికి రెండు పేర్లున్నవి. సంఘములో ఒక పేరు, పదవ తరగతి మెమోలో మరొక పేరు. ఎందుకు? చాలమందికి కారణము తెలుసు, పైకి చెప్పరు. 1950 నాటి షెడ్యూల్డు కులముల ఉత్తర్వు ప్రకారము హిందువులకే ఆ హోదా దొరికింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. క్రీస్తును నమ్మిన దళితులను మన రాష్ట్రములో బి.సి. 'సి' వర్గములో, ఒక్క శాతము రిజర్వేషనులో ఉంచారు. పొలములో అంటరానితనము మారకపోయినా కాగితముమీద కులము మారిపోయింది. అందుచేత ఎందరో తల్లిదండ్రులు బిడ్డకు ఏ మతమూ తెలియని పేరు కొరకు వెదికారు. పుష్ప, జ్యోతి, అరుణ, కిరణ్, వసంత. పువ్వుకు, వెలుగుకు, ఋతువుకు కుల ధ్రువపత్రము ఉండదు గదా.

ఈ తల్లిదండ్రులను రాళ్లతో కొట్టుటకు మనలో ఎవరు అర్హులు? చట్టములోని అన్యాయమును గురించి సంఘములు చాల సంవత్సరములుగా మొరపెట్టుచున్నవి, పెట్టవలెను కూడ. అయితే ఇంట్లో ఒక సంగతి సరిచేసుకొందాం. బిడ్డకు రెండు పేర్లు ఉండవచ్చును. రెండు ముఖములు ఉండకూడదు. హదస్సాకు ఎస్తేరు అనే మరొక పేరు ఉన్నది. దానియేలుకు బెల్తెషాజరు అనే ఆస్థాన పేరు ఉన్నది. కొంతకాలము ఎస్తేరు తన జనమును గూర్చి చెప్పలేదు కూడ. కాని ప్రాణము మీదికి వచ్చిన దినమున రాజు ఎదుట నిలిచి తాను ఎవరో చెప్పింది. బడిలో జ్యోతి అని, గుడిలో యోహాన్నా అని పిలువబడే బిడ్డకు, "నీవు రెండుచోట్లా ప్రభువు బిడ్డవే" అని తల్లి చెప్పాలి. పేరు దాచుకొన్నా ప్రభువును దాచుకొనవద్దు.

ఇంకొక ఆచరణాత్మకమైన మాట. జనన మరణముల నమోదు చట్టము 1969 నుండి ఉన్నది. 2023లో దానిని సవరించి, ఆ సంవత్సరము అక్టోబరు 1 నుండి అమలులోనికి తెచ్చారు. ఆ తేదీన, ఆ తర్వాత పుట్టిన పిల్లలకు బడిలో చేరుటకు, మరి అనేక పనులకు జనన ధ్రువపత్రమే ఆధారము. కనుక పేరును తొందరగా, ఆలోచించి నిర్ణయించి, స్పెల్లింగు సరిచూసి నమోదు చేయించండి. తొట్టెలనాడు ఒక పేరు, ధ్రువపత్రములో ఒక పేరు, ఆధారులో ఇంకొక పేరు ఉంటే ఆ బిడ్డ పెద్దయ్యాక కార్యాలయముల చుట్టూ తిరగాలి.

పేరు పెట్టబోవు తల్లిదండ్రులకు

మన మెన్నొనైట్ బ్రదరెన్ సంఘములలో పసిబిడ్డలకు బాప్తిస్మము ఇవ్వము. ప్రతిష్ఠ ప్రార్థన చేస్తాము. నమ్మి, తానే ఒప్పుకొన్నప్పుడు బాప్తిస్మము. కాబట్టి పేరు రక్షణనివ్వదు. పేరు తల్లిదండ్రుల ప్రార్థన. విశ్వాసము బిడ్డ ఇచ్చే జవాబు. ఈ మూడు సంగతులు జ్ఞాపకముంచుకొనండి.

మొదటిది, అర్థము తెలిసికొని పెట్టండి. శబ్దము బాగున్నదని, సినిమాలో విన్నామని పెట్టవద్దు. షారోను అంటే ఏమిటని బిడ్డ అడిగితే చెప్పగలగాలి. హెర్మోను అని పెడితే దాని మంచును గూర్చి 133వ కీర్తన ఏమి చెప్పుచున్నదో, సహోదరుల ఐక్యతతో దానికేమి సంబంధమో చెప్పాలి. అన్నదమ్ములు గట్టు తగాదాతో మాట్లాడుకొనని ఇంట్లో హెర్మోను అనే బిడ్డ ఉంటే ఆ పేరు ప్రతిదినము వారిని గద్దిస్తుంది.

రెండవది, పాత పేర్లను తృణీకరించవద్దు. మీ తాత పెంటయ్య అయితే సిగ్గుపడవద్దు. సమాధిమీద ఆ పేరును మార్చి వ్రాయించవద్దు. ఆ పేరు వెనుక చనిపోయిన బిడ్డలున్నారు, ఏడ్చిన తల్లి ఉన్నది, లేవనెత్తిన దేవుడు ఉన్నాడు. మీ పిల్లలకు ఆ కథ చెప్పండి.

మూడవది, సృష్టి పేరు పెట్టినవారు సృష్టిని కాపాడండి. బిడ్డకు ఒలీవ అని పేరు పెట్టి ఇంటిముందు వేపచెట్టు నరికితే ఏమి ప్రయోజనము? వర్ష అని పేరు పెట్టి ఊరి చెరువు శిఖమును ఆక్రమిస్తే ఆ వాన ఎక్కడ నిలుచును? ప్రతిష్ఠ ప్రార్థన జరిగిన దినమున ఒక మొక్క నాటండి. బిడ్డతోపాటు దానికీ నీళ్లు పోయండి.

ప్రియులారా, నక్షత్రములన్నిటికి పేర్లు పెట్టి పిలిచే దేవుడు మనకున్నాడు (కీర్తన 147:4). తన గొఱ్ఱెలను పేరు పెట్టి పిలిచే కాపరి మనకున్నాడు (యోహాను 10:3). ఆయన పిలిచినప్పుడు పేరయ్యా అన్నా, పెంటమ్మా అన్నా, పద్మా అన్నా, షారోనూ అన్నా, పలుకుట మన వంతు.

ప్రార్థన చేసికొందాం.

పరలోకమందున్న మా తండ్రీ, మట్టినుండి మమ్మును చేసి పేరు పెట్టి పిలిచినందుకు స్తోత్రము. పెంటకుప్పమీదనుండి మా పితరులను లేవనెత్తినందుకు స్తోత్రము. ఈ మూడు జిల్లాలలో తొట్టెలలో ఉన్న ప్రతి బిడ్డను నీ చేతికి అప్పగించుచున్నాము. బిడ్డలను పోగొట్టుకొన్న తల్లిదండ్రులను యోబును ఆదరించినట్లు ఆదరించుము. పేరు విషయములో అవమానపడినవారిని గౌరవించుము. రెండు పేర్ల మధ్య నలుగుచున్నవారికి ధైర్యము, న్యాయము దయచేయుము. మా బిడ్డలు తమ పేర్లకు తగిన ఫలములు ఫలించునట్లు నీ వాన కురిపించుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.